లింబయ్య ఏరిన రంపం

వడ్రంగం చేసే వడ్ల లింబయ్య దగ్గరున్న రంపం అతని తండ్రి చేతి మీదుగా వచ్చింది. వచ్చిన నాడు జానెడు వెడల్పు ఉండేదట. ముప్పై ఏళ్ళు ఆకురాయితో రాసి రాసి, పళ్ళు అరిగినప్పుడల్లా కొత్త పళ్ళు తీసి తీసి, ఇప్పుడు మూడు వేళ్ళ వెడల్పు మిగిలింది. కట్టెలో దింపితే పాములా మెలి తిరిగేది. గీత గీసేది ఒకచోట, కోత పడేది ఇంకోచోట.

"లింబన్నా, నీ రంపానికి కల్లు పోసినవా? తూలుతాంది!" అనేవాడు కమ్మరి పోశయ్య. కొలిమి లింబయ్య ఇంటికి ఎదురుగానే ఉండేది.

"నువ్వు తాగంగ మిగిలింది పోసిన" అనేవాడు లింబయ్య.

నవ్వేవాడు గానీ, లోపల మాత్రం ఆ రంపం అతన్ని కోస్తూనే ఉండేది. అరవై నాలుగో సంవత్సరం అది. ఎడపల్లి స్టేషనుకు కోసెడు దూరంలో ఆ ఊరు. చుట్టూ చెరుకు. చక్కెర ఫ్యాక్టరీ పుణ్యమా అని కాపులు ఇనుప నాగళ్ళు తెచ్చుకున్నారు, బండి చక్రాలు బోధన్లో చేయించుకుంటున్నారు. లింబయ్యకు మిగిలిన పని సగం. ఆ ఏడు పంచాయతీ వాళ్ళు కొత్త బడి గది కట్టిస్తున్నారు. రెండు తలుపులు, ఆరు కిటికీలు. సర్పంచు లింబయ్యను పిలిచి అడిగాడు.

"నీతోని అయితదా? లేకుంటె బోధన్ మేస్త్రీకి సెప్పన్నా?"

"ఉగాది దాటనియ్యుండ్రి. సేసి పెడ్త" అన్నాడు లింబయ్య.

ఉగాది దాకా ఎందుకు ఆగమన్నాడో సర్పంచుకు తెలియలేదు. లింబయ్యకు తెలుసు. ఆ రంపంతో తలుపు చౌకట్లు కోస్తే మూలకు మూల కలవదు. ఊరంతా నడిచే బడి తలుపు అది, వంకర పోతే పేరు పోతుంది. కొత్త రంపం రావాలి. వస్తుందని అతనికి గట్టి నమ్మకం ఉంది.

ఆ నమ్మకం ఉత్తది కాదు. ఆ ఊళ్ళో కాపు ఇంట్లో ఎద్దులుంటాయి, నాగళ్ళుంటాయి, గొడ్డళ్ళుంటాయి. రంపం ఉండదు. రంపం వడ్లవాళ్ళ ఇంట్లోనే ఉండాలి. కాపు రంపం కొన్నాడంటే అది ఇంటి పెద్దకొడుకు పెళ్ళయిన ఏడే. పందిరికి గుంజలు చెక్కి, పెళ్ళిపీటలు చేసిచ్చిన వడ్లాయనకు ఆ ఇంటివాళ్ళు ఒక పనిముట్టు పెట్టాలి. కాపు దాన్ని తనంతట తాను కొనుక్కురాడు. ఏ చెయ్యి పట్టుకుంటుందో ఆ చెయ్యే ఏరాలని వడ్లాయనను వెంట తీసుకుపోతాడు. తెచ్చాక మంచిరోజు చూసి, కొబ్బరికాయతో, పదిమంది ముందర చేతిలో పెడతాడు. వడ్లాయన మాత్రం నోరు తెరిచి అడగకూడదు. అడిగి తెచ్చుకున్నది భిక్షం కిందికి వస్తుంది. లింబయ్య తండ్రికి ఈ రంపం ఆశన్న పటేల్ పెళ్ళినాడు అట్లా వచ్చిందే. ఆశన్న తండ్రి బండి కట్టించి, పక్కన కూర్చోబెట్టుకుని నిజామాబాదు తీసుకుపోయాడని లింబయ్య తండ్రి చచ్చేదాకా చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆశన్న పటేల్ పెద్దకొడుకు రాజలింగు పెళ్ళి మొన్న మాఘమాసంలో అయింది. పెళ్ళిపీటలు లింబయ్యే చేశాడు.

రాజలింగు ఆ ఊళ్ళో మొదటి బి.ఏ. హైదరాబాదులో మాస్టర్ల ట్రైనింగు కూడా చేసి, బోధన్ హైస్కూల్లో పని చేస్తున్నాడు. మంచి పిల్లవాడు. బీడీ లేదు, పేకాట లేదు, ఎవరు ఎదురైనా సైకిలు దిగి మాట్లాడతాడు. కాలేజీకి పోయేటప్పుడు అతని పుస్తకాల సందూకు చేసింది లింబయ్యే. ఫాల్గుణంలో ఒక సాయంత్రం ఆ పిల్లవాడు సైకిలు దిగి లింబయ్య వాకిట్లో నిలబడ్డాడు.

"కాకా, ఐతారం నాడు నీకేమన్న పని ఉన్నదా?"

"నాకేం పని బిడ్డా. సెప్పు."

"నిజామాబాదు పోదాం. మంచి రంపం ఒకటి కావాలె. నువ్వే ఏరాలె. నాకేమెరుక దాని సంగతి."

లింబయ్య చేతులు దులుపుకుని లేచాడు. ఎవరికి అని అడగలేదు. అడగకూడదు.

"ఎసోంటిది కావాలె?" అన్నాడు, గొంతు మామూలుగా ఉంచుకుని.

"దినాం చేతిల ఉండేటిది. ఎల్లకాలం పనికొచ్చేటిది. పైసల గురించి చూడకు."

రాజలింగు సైకిలెక్కి పోయేదాకా లింబయ్య నిలబడ్డచోటు నుంచి కదలలేదు. తర్వాత లోపలికి పోయి, పొయ్యి ముందున్న భార్య నాగవ్వ పక్కన కూలబడ్డాడు.

"పిలిసిండే."

"ఎవలు?"

"చిన్న పటేలు. రంపం ఏరుదాం రమ్మని."

నాగవ్వ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. "పదిమందిల సెప్పిండా?"

"ఒక్కడే అచ్చి సెప్పిండు. సదువుకున్న పిల్లగాడు, బండ్లు, డప్పులు ఎందుకు పెడ్తడు?"

శనివారం పొద్దున లింబయ్య పాత రంపాన్ని మీదవేసుకున్న తువాలలో చుట్టి ఎదురింటి కొలిమికి బయలుదేరాడు. నాగవ్వ గడపలో అడ్డం నిలబడింది.

"ఇంక కొత్తది ఇంట్లకు రానే లేదు. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?"

"ఇంట్ల రెండు రంపాలుంటె ఇల్లు రెండు సెక్కలైతదని మా నాయిన అనేటోడు. రేపు పొద్దుమీకి కొత్తది గడప దాటుతది. గంతల్లనే ఇది పోవాలె."

ఆ మాట వడ్లవాళ్ళ ఇళ్ళలో అందరికీ తెలిసిందే. నాగవ్వ పక్కకు జరిగింది గానీ, "నీ నాయిన సచ్చిండు, సాత్రం సావలేదు" అని గొణిగింది.

పోశయ్య రంపాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాపం, ఎంత సన్నగైంది. ఇనుము మాత్రం పాతకాలపుది, గట్టిది. ఏం సేయమంటవ్?"

"మా ఆడిదానికి కత్తిపీట సెయ్యి. మిగిలింది నువ్వు ఉంచుకో."

"కొత్తది రానియ్యరాదు? ఒక్క రాత్రికి ఏమైతది?"

"నీ కొలిమిల నీళ్ళు పోసి ఒక్క రాత్రి ఉంచు, సూద్దాం ఏమైతదో."

పోశయ్య నవ్వి, రంపాన్ని నిప్పుల్లో పెట్టాడు. అది ఎర్రబడేదాకా లింబయ్య అక్కడే ఉన్నాడు. తండ్రి చేతి చెమట పట్టిన ఇనుము అది. ఎర్రబడ్డాక ఇంకేం చూస్తాం అనుకుని లేచి వచ్చాడు.

ఆదివారం పొద్దుటి బండికి ఇద్దరూ ఎడపల్లిలో ఎక్కారు. రాజలింగు కిటికీ పక్క సీటు లింబయ్యకు ఇచ్చాడు. పటేలు కొడుకు తనను కిటికీ పక్క కూర్చోబెట్టాడన్న సంగతి లింబయ్య దారి పొడుగునా మనసులో నెమరు వేస్తూనే ఉన్నాడు.

నిజామాబాదు గంజు దగ్గర ఇనుప సామాన్ల దుకాణం. గోడ నిండా రంపాలు వేలాడుతున్నాయి. గద్దె మీద సేటు లెక్కల పుస్తకం మూసి, "రండి భాయ్, ఏం కావాలె?" అన్నాడు.

"రంపం. ఈయన ఏరుతడు" అన్నాడు రాజలింగు, లింబయ్య భుజం మీద చెయ్యి వేసి.

లింబయ్య చెప్పులు బయట విడిచి వచ్చాడు. ఆ రోజు సేటుకు బేరం ఆలస్యమైంది. లింబయ్య ఒక్కో రంపాన్నీ దించుకుని, గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. కొన్ని బొక్క కుండలా పలికాయి. వాటిని పక్కన పెట్టేశాడు. కొన్ని గుడి గంటలా చాలాసేపు మోగాయి. వాటిని తీసుకుని, మొన పట్టి వంచి, విల్లులా వంగాక వదిలేవాడు. వదలగానే గీత గీసినట్టు తిన్నగా వచ్చి నిలబడాలి. వెంట్రుక వాసి వంపు మిగిలినా పనికిరాదు. ఆ తర్వాత వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి, పళ్ళ వరస చూసేవాడు. ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకు, మధ్యలో చీమ నడిచే దారి ఉండాలి.

"పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్నవ్ భాయ్!" అన్నాడు సేటు.

"పెండ్లిపిల్లనైతె ఒక్కపారి సూసి ఒప్పుకుంటం సేటూ. దీనితోని దినాం కాపురం సెయ్యాలె."

సేటు పడీపడీ నవ్వాడు. రాజలింగు కూడా నవ్వి, గోడ మీదినుంచి ఒకటి తీసి చూపించాడు. నున్నని పిడి, ఇంగ్లీషు అక్షరాలు, తళతళలాడే రేకు.

"కాకా, ఇదెట్లుంటది? ట్రైనింగుల మేం గిసోంటిదే పట్టినం. బల్ల ముందర నిలబడి ముందుకు తోయాలె."

లింబయ్య దాని పళ్ళ మీద వేలు నడిపాడు. పళ్ళన్నీ మొన వైపు తిరిగి ఉన్నాయి. తన రంపానికి పళ్ళు పిడి వైపు చూసేవి.

"తోస్తె, కట్టెను ఎవలు పట్టుకోవాలె బిడ్డా?"

"బల్లకు ఇనుప శికంజ ఉంటది. అది పడుతది."

"మన శికంజ గిదీ." లింబయ్య కుడికాలి బొటనవేలు ఆడించి చూపించాడు. "కింద కూసుండి, కాళ్ళతోని కట్టెను తొక్కిపట్టి, మన దిక్కు గుంజాలె. గుంజితె రేకు సాగి తిన్నగ పోతది. తోస్తె మడుత పడ్తది. ఎద్దు బండిని గుంజుతది గని తోస్తదా?"

"సరే కాకా. నువ్వెట్లంటే అట్ల. నీ చేతికి ఏది మంచిగనిపిస్తే అదే నాకు."

ఆ మాటతో లింబయ్యకు ఏ మూలనైనా అనుమానం ఉండి ఉంటే అది కూడా పోయింది. పక్కన పెట్టిన మూడింటిని మళ్ళీ మళ్ళీ మోగించి, వంచి, చివరికి ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. జానెడు వెడల్పు, పిడి వైపు చూసే పళ్ళు. సేటు పిడి బిగించబోతే వద్దన్నాడు.

"పిడి నేను సేసుకుంట. ఇరుగుడు కట్టె ఇంట్ల ఉన్నది."

నిజమే. ఏడేళ్ళ నుంచి ఆ చేవగట్టిన ముక్క పొయ్యి మీది అటకలో పొగకు ఆరుతూ ఉంది, దీనికోసమే. రాజలింగు రంపంతో పాటు చిన్న చిత్రిక ఒకటి, సుత్తి, రెండు పొట్లాల మొలలు కూడా కొన్నాడు. పిల్లవాడు పెద్దమనసు చేసుకున్నాడు, అన్నీ కలిపి పెడతాడు కాబోలు అనుకున్నాడు లింబయ్య. తిరుగు బండిలో ఆ సామాను రాజలింగు సంచిలో ఉంది. రంపం మాత్రం లింబయ్య ఒళ్ళో ఉంది. ఎడపల్లిలో దిగాక రాజలింగు అన్నాడు:

"కాకా, పిడి పెట్టి, పదును చూసి, శుక్రారం నాటికి ఇంటికి పట్టుకరా. మంచిరోజట, అవ్వ చెప్పింది."

"అట్లనే బిడ్డా" అన్నాడు లింబయ్య. మంచిరోజు కూడా చూశారు!

నాలుగు రోజులు వేరే పని ముట్టుకోలేదు. లింబయ్య కుడి చూపుడువేలు మొదటి కణుపు దాకా లేదు. పదిహేనో ఏట బాడిశ కింద పోయింది. రంపం పిడిలో చూపుడువేలు ఆనే చోటు ఒకటి ఉంటుంది. మామూలు పిడి అయితే అతని మొండివేలు అక్కడ గాలిలో వేలాడేది, తండ్రి రంపంతో ఇన్నేళ్ళూ అట్లాగే వేలాడింది. ఈసారి ఆ చోటును కురచగా, లోతుగా, తన మొండివేలు దిగేట్టు చెక్కుకున్నాడు. చెక్కి, నువ్వులనూనె పట్టించి, పట్టుకుని చూశాడు. చెయ్యి ఎక్కడ అయిపోయిందో, కట్టె ఎక్కడ మొదలైందో తెలియలేదు. నాగవ్వ కూడా చూసి, రేకుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

సర్పంచుకు కబురు పెట్టాడు: బడి తలుపులు నేనే చేస్తాను, మేస్త్రీని పిలవకండి.

శుక్రవారం ఉతికిన ధోవతి కట్టి, ఎర్ర రుమాలు చుట్టి, లింబయ్య పటేలు ఇంటికి పోయాడు. వాకిట్లో పదిమంది లేరు. ఆశన్న పటేల్ ఒక్కడు గడంచ మీద కూర్చుని పొగాకు నలుపుతున్నాడు. రాజలింగు లోపల్నుంచి వచ్చి, రెండు చేతులతో రంపం అందుకున్నాడు.

"అరె, ఎంత మంచిగ చేసినవ్ కాకా! ఈ పసుపు ఎందుకు? తుప్పు పడ్తది." భుజం మీది తువాలతో పసుపు, కుంకుమ తుడిచేశాడు. "రా, చూపిస్త."

కొత్తగా వేసిన గదిలో గోడకు ఒక పలక బిగించి ఉంది. దాని మీద సుత్తి వేలాడుతోంది, చిత్రిక నిలబడి ఉంది. వాటి పక్కన ఖాళీగా రెండు మొలలు. రాజలింగు రంపాన్ని ఆ రెండు మొలల మీద పెట్టి, వెనక్కి జరిగి చూసుకున్నాడు.

"ట్రైనింగుల మా ప్రిన్సిపాల్ సారు ఎప్పుడు చెప్పేటోడు, ఎవరి పని వాళ్ళే చేసుకోవాలె, చేతిపనికి మర్యాద ఇయ్యాలె అని. ఇగ పీటకు, బల్లకు నిన్ను పిలిచి సతాయించ కాకా. మొదలు పుస్తకాల బల్ల చేస్త. ఎట్ల కోయాలెనో ఒక రెండు దినాలు చూపిస్తె చాలు."

లింబయ్య మొలల మీది రంపాన్ని చూశాడు. కొబ్బరికాయ ఎక్కడుంది అని కళ్ళు గదంతా వెతికాయి. సిగ్గుపడి కళ్ళు దించుకున్నాడు.

రాజలింగు రంపం మళ్ళీ తీసి పట్టుకుని, గాలిలో రెండుసార్లు ఆడించాడు. "ఒక్కటే, పిడి జర తేడా ఉన్నది. చూపుడువేలు యాడ పెట్టాలె? జాగ సరిపోతలేదు."

లింబయ్య కుడిచెయ్యి ధోవతి మడతలోకి పోయింది.

గడప అవతల గడంచ మీదినుంచి ఆశన్న పటేల్ అంతా చూస్తున్నాడు. లింబయ్య తలెత్తేసరికి ఇద్దరి చూపులూ కలిశాయి. ఈ ఇంట్లో రివాజు తెలిసిన మనిషి ఆయనొక్కడే. ముప్పై ఏళ్ళ కింద ఆ వాకిట్లోనే, పసుపు బట్టలతో నిలబడి, లింబయ్య తండ్రి చేతిలో రంపం పెట్టింది ఆయన చేతులే. ఆశన్న నలుపుతున్న పొగాకు ఆగిపోయింది. అర్థమైంది ఆయనకు.

"రాజలింగూ..." అన్నాడు.

"ఏంది బాపూ?"

ఆశన్న కొడుకు ముఖం వైపు చూశాడు. కొడుకు తెల్లని చొక్కా వైపు, జేబులోని కలం వైపు చూశాడు. ఎనిమిది ఊళ్ళల్లో లేని కొడుకు. చదువుకున్నవాడికి నీకిది తెలియదురా అని చెప్పడం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు.

"ఏం లేదు. లింబయ్యకు చాయ పెట్టుమను అవ్వను" అన్నాడు, తల దించుకుని.

లింబయ్య చాయ తాగాడు. ఇత్తడి గ్లాసు కడిగి గోడవారన బోర్లించి, ఇంటికి నడిచాడు.

నాగవ్వ ఖాళీ చేతులను చూసింది. "రంపమేది?"

"ఇచ్చొచ్చిన."

"ఎవలికి?"

"ఎవలిదో వాళ్ళకే."

సంగతి విన్నాక నాగవ్వ కొంగు నడుముకు చుట్టింది. "నడువు, నేనొస్త. గడప ముందర నిలబడి అడుగుత. పందిరికి గుంజలు సెక్కినవా లేదా? పీటలు సేసినవా లేదా?"

"అడిగితె ఇస్తడే."

"మరి ఇంకేంది?"

"అడిగితె ఇస్తడు, గందుకే అడగ."

అప్పుడే పోశయ్య నవ్వుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. చేతిలో కత్తిపీట. సానపట్టిన అలుగు వెండిలా మెరుస్తోంది. "నాగవ్వా, ఉల్లిగడ్డ తే! ఎట్ల తెగుతదో సూడు. ఏది లింబన్నా, కొత్త పెండ్లిపిల్లను సూపియ్యవా?"

పోశయ్య ఇద్దరి ముఖాలూ చూశాడు, ఇంట్లో గోడ మీద ఖాళీ కొక్కెం చూశాడు. కత్తిపీటను మెల్లగా గడప పక్కన పెట్టి, చప్పుడు లేకుండా పోయాడు.

ఉగాది దాటింది. ఒడ్లకు, జొన్నలకు పనిచేసే చేతిలో రొక్కం ఎక్కడ ఆడుతుంది? కొత్త రంపం కొనే దారి లేదు. పక్క ఊరి వడ్లాయనను నాలుగు రోజులకు రంపం ఎరువడిగితే, "చెయ్యి మారితె కోత మారుతది లింబన్నా, నీకెరుక లేనిదా" అన్నాడు. నిజమే, తానైనా ఇచ్చేవాడు కాదు. లింబయ్య సర్పంచు దగ్గరకు పోయి, తనతో కాదని చెప్పాడు.

"కబురు పెట్టి మరీ నేనే సేస్తనంటివి గద?" అన్నాడు సర్పంచు.

"అన్న. ఇప్పుడు కాదంటున్న."

"ముసలోనివి అయితున్నవ్ లింబయ్యా. మాట మీద నిలబడ్తలేవు."

బోధన్ మేస్త్రీ సైకిలు మీద వచ్చాడు. బడి ముందర బల్ల వేసుకుని, నిలబడి, తోసి కోశాడు. ఆ గరగర రోజంతా ఊరికి వినిపించింది. లింబయ్య ఇంటికి ఇంకాస్త ఎక్కువ వినిపించింది. పటేలు ఇంటినుంచి కూడా సాయంత్రాలు కోత చప్పుడు వచ్చేది, తడవకోసారి ఆగుతూ, గీరుకుంటూ. ఆ చప్పుడును బట్టి ఎక్కడ మెలి పడుతోందో, ఎక్కడ చెయ్యి బిగుసుకుంటోందో లింబయ్య కూర్చున్నచోటే చెప్పగలడు. రెండు దినాలు చూపించమన్న పనికి మాత్రం పోలేదు. నడుమునొప్పి అని చెప్పి పంపాడు. పుస్తకాల బల్ల ఒక కాలు కురచగా తయారైందనీ, మాస్టరు సారు తన చేత్తో తానే చేసుకున్నాడనీ ఊళ్ళో చెప్పుకున్నారు. మెచ్చుకోలుగానే చెప్పుకున్నారు.

మృగశిర కార్తె వచ్చింది. వాన పడ్డ మర్నాడు లింబయ్య వాకిట్లో నాగలి దుంప చెక్కుతున్నాడు. రంపంతో నాలుగు గుంజులకు పోయే కొసను బాడిశతో పొద్దంతా తొలుస్తున్నాడు. సైకిలు ఆగిన చప్పుడైంది. రాజలింగు. ఎడమ బొటనవేలికి గుడ్డ కట్టు. చేతిలో రంపం.

"కాకా" అన్నాడు. సైకిలు గోడకు ఆనించి దగ్గరికి వచ్చాడు. "పోశయ్య నిన్న చెప్పిండు. మా బాపును అడిగితె, ఔననిండు. నాకు తెల్వది కాకా. ప్రమాణంగ తెల్వది. నువ్వెందుకు చెప్పలె?"

లింబయ్య బాడిశ కింద పెట్టాడు. రంపం అందుకుని, వెలుతురుకు పట్టి చూశాడు. మూడు పళ్ళు విరిగి ఉన్నాయి. రేకు మీద తుప్పు చుక్కలు.

"మొల కోసినవా?"

"పాత తలుపు చెక్క. లోపల మొల ఉన్నట్టు కనపడలె."

లింబయ్య ఆకురాయి తెచ్చుకున్నాడు. కింద కూర్చుని, రంపాన్ని రెండు కాళ్ళ వేళ్ళ మధ్య ఇరికించి, విరిగిన పళ్ళ వరస మొత్తం సమం చేసి, ఒక్కో పన్నూ మళ్ళీ తీశాడు. రాజలింగు నిలబడే ఉన్నాడు. నాగవ్వ పీట వేయలేదు.

"కాకా, ఇది నువ్వే ఉంచుకో. నీదే ఇది. నీకోసమే కొన్నట్టు."

"ఎవల పెండ్లి పటేలా?"

అంతవరకూ బిడ్డా అన్న మనిషి పటేలా అన్నాడు. రాజలింగుకు అది తగిలింది.

"అట్లనకు కాకా. కొబ్బరికాయ కొట్టి, పదిమందిని పిలిచి ఇస్త. రేపే పిలుస్త."

"రేపు పిలిస్తె, ఊరోళ్ళందరికి నేను ఏడ్సుకుంట అడుక్కున్నట్టు ఎరుకైతది. మీ పెండ్లి మాఘమాసంల అయిపాయె. దాని ముచ్చట దాంతోనే పాయె." ఆకురాయి ఆపకుండానే అన్నాడు లింబయ్య. "చెయ్యి చాపుండ్రి."

రాజలింగు అర్థంకాక చెయ్యి చాపాడు. లింబయ్య ఆ అరచేతిని తన జానతో కొలిచాడు. అయిదు వేళ్ళూ నిండుగా ఉన్న చెయ్యి. లోపలికి పోయి వేపకట్టె ముక్క తెచ్చి, అక్కడే కూర్చుని పిడి చెక్కాడు. ఇరుగుడు పిడిని ఉలితో మెల్లగా విడదీసి పక్కన పెట్టి, కొత్త పిడి బిగించి చేతికిచ్చాడు.

"ఇప్పుడు వేలు సరిపోతదా సూడుండ్రి."

రాజలింగు పట్టుకున్నాడు. సరిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లింబయ్య ఆ నీళ్ళను చూసి, పిడి చెక్కిన పొట్టు ఊడ్చసాగాడు.

"నూనె రాసి పెట్టుండ్రి. మొల ఉందో లేదో కొట్టి సూసి కొయ్యుండ్రి. వేలు జాగ్రత్త."

సైకిలు సందు మలుపు తిరిగాక నాగవ్వ బయటికి వచ్చింది. పొద్దు గుంకుతోంది. కత్తిపీట ముందర వేసుకుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టింది. పోశయ్య అలుగు వెనక అంచున నాలుగు పాత పళ్ళు అట్లాగే వదిలేశాడు, అందానికో, గుర్తుకో.

"రేపు పొద్దుటి బండికి బోధన్ పోత" అన్నాడు లింబయ్య. "ఫ్యాక్టరీ యార్డుల మేస్త్రీ మనుషుల్ని తీసుకుంటున్నడట. పొద్దుగాల రంపం వాళ్ళే ఇస్తరు. పొద్దుమీకి గేటు కాడ మళ్ళ ఇచ్చుడే."

"వాళ్ళ రంపం తోసేది గద?"

"నేర్సుకుంట."

నాగవ్వ నేల మీది ఇరుగుడు పిడిని చేతిలోకి తీసుకుంది. నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. మొండివేలు దిగే గుంతలో ఆమె వేలు పెట్టి చూసింది.

"మరి ఇదో?"

"పొయ్యిల పెట్టు."

ఆమె చాలాసేపు దాన్ని పట్టుకునే కూర్చుంది. చివరికి లేచి పొయ్యిలోకి నెట్టింది. ఇరుగుడు గట్టి కట్టె, ఏడేళ్ళు ఆరిన కట్టె. తొందరగా అంటుకోలేదు. అంటుకున్నాక మాత్రం పొగ లేకుండా, నిదానంగా, రొట్టెలన్నీ కాలేదాకా మండింది.